మంట తర్వాతే రూల్ వస్తుందా? స్క్రాప్ గోడౌన్ల వెనక దాదాపు రెండు వందల ఏళ్ల కథ



2022 మార్చి 23. సికింద్రాబాద్ బోయిగూడ. ఇంకా తెల్లారలేదు. ఒక స్క్రాప్ గోడౌన్ కింది భాగంలో చిత్తు కాగితాలు, ఖాళీ సీసాలు, ప్లాస్టిక్, కేబుళ్లు నిండి ఉన్నాయి. పైన పన్నెండు మంది నిద్రపోతున్నారు. అందరూ బీహార్ నుంచి పని కోసం వచ్చినవాళ్లే. కింద మంట అంటుకుంది. దిగడానికి ఉన్నది ఒకే ఒక దారి, గుండ్రంగా తిరిగే ఇరుకు మెట్లు. ఆ మెట్లు దిగేది కూడా నేరుగా మంట ఉన్న చోటికే. ఒకతను పైనుంచి దూకి ప్రాణాలతో బయటపడ్డాడు. మిగతా పదకొండు మంది చనిపోయారు.

షార్ట్ సర్క్యూట్ అయి ఉంటుందని అప్పట్లో అనుమానించారు. రెండు రోజులు టీవీలో చూశాం, ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు, తర్వాత మర్చిపోయాం. నాకు మాత్రం ఒక ప్రశ్న అలాగే ఉండిపోయింది. నిప్పురవ్వ ఎక్కడైనా పుడుతుంది. అది పుట్టాక ఏం జరగాలో ముందే ఆలోచించి పెట్టే శాస్త్రం ఒకటుంది, దాన్నే ఫైర్ ప్రొటెక్షన్ ఇంజినీరింగ్ అంటారు. ఆ శాస్త్రానికి దాదాపు రెండు వందల ఏళ్ల వయసు. మరి అది స్క్రాప్ గోడౌన్ దాకా ఎందుకు రాలేదు?

ఈ ఎపిసోడ్‌లో ఆ కథే చెప్పుకుందాం. చివర్లో మీ చేతిలో ఉన్న ఫోన్ కూడా ఈ కథలోకి వస్తుంది, కాబట్టి చివరిదాకా ఉండండి.

కథ అమెరికాలోని రోడ్ ఐలాండ్ అనే చిన్న రాష్ట్రంలో మొదలవుతుంది. 1820, 30లలో అక్కడంతా పత్తి మిల్లులు. మిల్లంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. చెక్క నేల, నూనె పీల్చుకున్న యంత్రాలు, గాల్లో తేలే దూది నూగు, వెలుతురుకి నూనె దీపాలు. ఒక్క రవ్వ పడితే మిల్లు మొత్తం బూడిద. జకరయా అలెన్ అనే మిల్లు యజమాని తన మిల్లుని మంటలకి తట్టుకునేలా జాగ్రత్తగా కట్టించుకున్నాడు. కట్టించుకుని ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరికి వెళ్లి, నా మిల్లులో ప్రమాదం తక్కువ కదా, ప్రీమియం తగ్గించండి అని అడిగాడు. కుదరదన్నారు. జాగ్రత్తగా ఉన్నవాడికీ, లేనివాడికీ ఒకటే రేటు అన్నారు.

అలెన్ ఊరుకోలేదు. 1835లో మరికొందరు మిల్లు యజమానుల్ని కలుపుకుని తమ ఇన్సూరెన్స్ కంపెనీ తామే పెట్టుకున్నారు. ఇందులో చేరాలంటే మీ మిల్లు సురక్షితంగా ఉండాలి, మేం వచ్చి చూస్తాం అన్నారు. ఇవాళ ప్రపంచంలో ఫైర్ ఇంజినీరింగ్ అనేది ఇంత పెద్ద రంగంగా ఉందంటే దాని వేర్లలో ఒకటి అక్కడే ఉంది. గమనించండి, దాన్ని నడిపించింది డబ్బు. పత్తి ఖరీదైన సరుకు, అది కాలితే యజమానికి నష్టం. అందుకే జాగ్రత్త పుట్టింది.

అప్పట్లో మిల్లుల్లో కప్పు కింద చిల్లులు పెట్టిన పైపులు వేసేవాళ్లు. మంటొస్తే ఎవరో ఒకరు పరుగెత్తి వాల్వ్ తిప్పాలి. అప్పుడు మంట ఉన్నచోటా లేనిచోటా గదంతా తడిసిపోతుంది. మరి రాత్రిపూట వాల్వ్ తిప్పడానికి ఎవరూ లేకపోతే? 1874లో న్యూ హేవెన్‌లో హెన్రీ పార్మెలీ అనే పియానో ఫ్యాక్టరీ యజమాని దీనికి జవాబు కనిపెట్టాడు. నీళ్లు వచ్చే మూతిని తక్కువ వేడికే కరిగే లోహంతో అతికించాడు. కింద మంట లేస్తే వేడి కప్పుని తాకుతుంది, అతుకు కరుగుతుంది, మూత ఊడి నీళ్లు పడతాయి. ఇక మనిషితో పని లేదు. 1881 నుంచి ఫ్రెడరిక్ గ్రిన్నెల్ దాన్ని ఇంకా మెరుగుపరిచాడు. ఇవాళ మీరు మాల్‌లో తలెత్తి చూస్తే కనిపించే స్ప్రింక్లర్ ఆ కుటుంబానిదే. మధ్యలో ఎర్రటి చిన్న గాజు గొట్టం ఉంటుంది చూశారా? 68 డిగ్రీల దగ్గర అది పగులుతుంది, నీళ్లు వస్తాయి.

ఇక్కడ సినిమాలు నేర్పిన ఒక తప్పు సరిచేయాలి. హీరో లైటర్ వెలిగించగానే బిల్డింగ్ మొత్తం వాన పడుతుంది కదా, మామూలు స్ప్రింక్లర్లు అలా పనిచేయవు. ఏ గాజు గొట్టానికి వేడి తగిలితే అది ఒక్కటే తెరుచుకుంటుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

అయితే కొత్త గొడవొకటి వచ్చింది. 1895 నాటికి బోస్టన్ చుట్టూ వంద మైళ్ల లోపలే పైపు సైజుకీ, స్ప్రింక్లర్ల మధ్య దూరానికీ తొమ్మిది రకాల లెక్కలు నడుస్తున్నాయి. ప్లంబర్లకి పిచ్చెక్కిపోయింది. అందరూ కూర్చుని ఒకే లెక్క పెట్టుకోవాలనుకున్నారు. అలా 1896లో నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ పుట్టింది. ఇవాళ ప్రపంచమంతా ఇంజినీర్లు వాడే ఎన్.ఎఫ్.పి.ఏ. కోడ్‌లు దీనివే.

ఇంతవరకూ పత్తి, పియానోలు. మరి చెత్త సంగతి?

చెత్త లెక్కే తిరగబడి ఉంటుంది. పత్తి గోడౌన్లోకి వస్తే యజమాని డబ్బు కట్టి తెచ్చుకుంటాడు, కాలిపోతే ఏడుస్తాడు. పాత టైర్లు యార్డులోకి వస్తే చాలా దేశాల్లో తెచ్చినవాడే యార్డు వాడికి డబ్బు ఇచ్చి దింపి పోతాడు. అంటే టైరు లోపలికి వచ్చినప్పుడే లాభం వచ్చేసింది. తర్వాత దాన్ని రీసైకిల్ చేయాలంటే ఖర్చు. అలా కుప్ప పెరుగుతూ పోతుంది. దాన్ని కాపాడుకోవాలనే తొందర ఎవరికీ ఉండదు. మిల్లుల్లో జాగ్రత్తని పుట్టించిన డబ్బే ఇక్కడ దాన్ని రానివ్వలేదు.

ఫలితం కెనడాలో కనిపించింది. ఒంటారియోలో హేగర్స్‌విల్ అనే చిన్న ఊరు. అక్కడ ఒక యార్డులో దాదాపు 1 కోటి 40 లక్షల టైర్లు పోగుపడ్డాయి. ఆ కుప్పల్ని చిన్నవి చేయండి, మధ్యలో ఫైరింజన్ వెళ్లే దారి వదలండి, నీళ్లు పెట్టుకోండి అని ప్రభుత్వం ముందే చెప్పింది. చెప్పింది పూర్తిగా అమలు కాకముందే, 1990 ఫిబ్రవరి 12న కొందరు కుర్రాళ్లు నిప్పు పెట్టారు. మంట ఆరడానికి 17 రోజులు పట్టింది. సుమారు 4,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. విమానాలతో నీళ్లు పోశారు. అయినా అంతసేపు ఎందుకు ఆరలేదు?

టైరు ఆకారం చూడండి. లోపల బోలు. కుప్పగా వేస్తే ప్రతి టైరులోనూ గాలి దాక్కుని ఉంటుంది, మంటకి కావాల్సింది అదే. పైనుంచి నీళ్లు పోస్తే టైరు వంపు మీంచి జారిపోతాయి, లోపలి మంటని తాకనే తాకవు. పైగా కాలే రబ్బరు కరిగి నూనెలా కారుతుంది. ఆ నూనె నేలలోకి, నీళ్లలోకి దిగుతుంది. ఊరివాళ్లకి మంట భయం పోయాక బావి నీళ్ల భయం పట్టుకుంది.

ఇక్కడ మన పల్లెటూరి సంగతొకటి చెప్తాను. మీ తాతయ్యగారి ఊళ్లో గడ్డివాము చూసే ఉంటారు. పొయ్యి ఉన్న ఇంటికి ఆనించి దాన్ని ఎవరూ వేయరు. ఒక వాముకీ ఇంకో వాముకీ మధ్య జాగా వదులుతారు. గడ్డి తడిగా ఉంటే వాము వేయనివ్వరు, లోపల వేడెక్కుతుందని పెద్దవాళ్లకి తెలుసు. తడిగడ్డి కుప్ప లోపల చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా తగులుతుంది. అంటే మూడు సూత్రాలు: కుప్ప చిన్నది, మధ్యలో ఖాళీ, లోపల వేడి మీద కన్ను. యూరప్, అమెరికా ఇంజినీర్లు రీసైక్లింగ్ యార్డుల కోసం కోట్లు ఖర్చుపెట్టి చివరికి తేల్చింది కూడా దాదాపు ఇదే. కాకపోతే వాళ్లు దానికి అంకెలు పెట్టారు.

ఆ అంకెలు ఎలా వచ్చాయో చెప్తాను. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్ అనే ఊరు. 2013 జూన్ 30, ఆదివారం రాత్రి. అక్కడొక ప్లాస్టిక్ రీసైక్లింగ్ ప్లాంటులో సుమారు లక్ష టన్నుల ప్లాస్టిక్, కాగితం నిల్వ ఉంది. ఎవరో ఎక్కడో వేడుకలో ఆకాశంలోకి వదిలిన కాగితం లాంతరు ఒకటి గాల్లో తేలుకుంటూ వచ్చి ఆ ప్లాస్టిక్ మూటల మీద వాలింది. సీసీ కెమెరాలో అది వాలడం స్పష్టంగా రికార్డయింది. చిన్న వెలుగు మెల్లగా దిగుతుంది, అంతే. కాసేపటికి రెండు వందల మందికి పైగా ఫైర్ సిబ్బంది అక్కడున్నారు. నల్లటి పొగ వేల అడుగుల ఎత్తుకి లేచింది. ఆ ప్రాంతంలో అంత పెద్ద మంట ఎప్పుడూ చూడలేదన్నారు. అందరూ లాంతరుని తిట్టారు, తప్పులేదు. ఇంజినీర్లు మాత్రం కుప్ప వైపు చూశారు. గుప్పెడంత నిప్పుకి లక్ష టన్నులు ఒకేచోట అందుబాటులో ఎందుకున్నాయి?

అప్పటికే బ్రిటన్‌లో రీసైక్లింగ్ ప్లాంట్లలో వరసగా మంటలొస్తున్నాయి. 2014 అక్టోబర్‌లో ఆ పరిశ్రమ వాళ్లూ, అధికారులూ కలిసి మొదటి మార్గదర్శకాలు రాశారు. రాశాక ఒక అనుమానం వచ్చింది. మనం రాసిన దూరాలు నిజంగా సరిపోతాయా? దాంతో వాళ్లు చెత్తని కావాలనే తగలబెట్టి చూశారు. ప్లాస్టిక్ మూటలు, చెక్క, రబ్బరు, విడి చెత్త వేరువేరుగా కాల్చి, వేడి ఎంత దూరం కొడుతోంది, నీళ్లు లోపలికి దిగుతున్నాయా లేదా అని కొలిచారు. ఆ కొలతలతో 2017లో మార్గదర్శకాలు మళ్లీ రాశారు.

ఇంగ్లండ్ పర్యావరణ ఏజెన్సీ అడిగేవి వినండి. కుప్ప ఎత్తు 4 మీటర్లు దాటకూడదు. పొడవు 20 మీటర్లు దాటకూడదు. కుప్పకీ కుప్పకీ మధ్య కనీసం 6 మీటర్ల ఖాళీ, లేదంటే మంటని ఆపే గోడ. సరుకు ఆరు నెలలకి మించి అక్కడ మూలగకూడదు. మంటొస్తే నాలుగు గంటల్లో ఆర్పగలిగేలా ప్లాన్ ఉండాలి. మండుతున్న సరుకుని లాగి పడేయడానికి ఖాళీ స్థలం ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

నీళ్ల లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న కుప్ప అనుకోండి, 300 ఘనపు మీటర్లు. దానికి నిమిషానికి 2,000 లీటర్ల చొప్పున మూడు గంటలు నీళ్లు ఉండాలంటారు. గుణించండి, 3,60,000 లీటర్లు. పది వేల లీటర్ల వాటర్ ట్యాంకర్లు 36. ఒక్క కుప్పకి! ఆ నీళ్లు మంట మీద పడి ఊరుకోవు, రసాయనాలు కలుపుకుని కిందికి పారతాయి. కాలవలో కలవకుండా వాటిని ఎక్కడ ఆపాలో కూడా ముందే చూపించాలి. హేగర్స్‌విల్ లాంటి మంటలు నేర్పిన పాఠం అది.

ఈ రూల్స్‌లో యంత్రాల కంటే ఖాళీ జాగా గురించే ఎక్కువ ఉంది, గమనించారా? ఫైర్ ఇంజినీరింగ్ అంటే పైపులు, పంపులు, అలారాలు అనుకుంటాం. స్క్రాప్ యార్డులో అన్నిటికంటే పెద్ద పరికరం ఖాళీ స్థలం. సరిగ్గా అందుకే దాన్ని పాటించడం కష్టం. ఊళ్లో ఖాళీ జాగా అంటే అద్దె. ఆరు మీటర్లు వదిలితే అక్కడ పట్టే సరుకు పోయినట్టే. యజమానికి అది రోజూ కనిపించే నష్టం, మంట ఎప్పుడో రాబోయే నష్టం.

ఇప్పుడు మీ ఫోన్ దగ్గరికి వద్దాం. హేగర్స్‌విల్ కాలిన మరుసటి ఏడాది, 1991లో, సోనీ కంపెనీ మొదటిసారి లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. ఇవాళ అది ఫోన్లో, ఇయర్‌బడ్స్‌లో, పవర్ బ్యాంకులో, ట్రిమ్మర్‌లో, పిల్లల బొమ్మలో ఉంది. ఆ వస్తువులన్నీ ఏదో ఒక రోజు చెత్తలోకి వెళ్తాయి. చెత్త బండిలో నొక్కేస్తారు, ప్లాంటులో యంత్రం నలిపేస్తుంది. నలిగితే లోపల రెండు పొరల మధ్య ఉన్న సన్నటి తెర చిరుగుతుంది. లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఆ వేడికి పక్క భాగం కాలుతుంది, దాని వేడికి ఇంకో భాగం. ఒకసారి మొదలైతే అది తనంతట తానే పెరుగుతుంది. నీళ్లు పోస్తే చల్లబడినట్టే ఉండి మళ్లీ రాజుకోవచ్చు.

అమెరికా పర్యావరణ సంస్థ 2021లో ఒక నివేదిక ఇచ్చింది. 2013 నుంచి 2020 మధ్య 64 చెత్త, రీసైక్లింగ్ కేంద్రాల్లో లిథియం బ్యాటరీల వల్ల వచ్చిన, లేదా వాటివల్లే అని అనుకుంటున్న మంటలు 245 ఉన్నాయని లెక్క తేల్చింది. లెక్కకి వచ్చినవే అన్ని.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న విషయం ఇప్పుడు బయటికి తీద్దాం. స్ప్రింక్లర్ కప్పు దగ్గర ఉంటుంది, వేడి తనదాకా వస్తేనే తెరుచుకుంటుంది. రీసైక్లింగ్ షెడ్డు కప్పు చాలా ఎత్తులో ఉంటుంది. బ్యాటరీ రాజుకునేది కుప్ప కడుపులో. కప్పు వేడెక్కేసరికి మంట చేయి దాటిపోయి ఉంటుంది. పియానో ఫ్యాక్టరీలో పుట్టిన ఆలోచన ఒక్కటే ఇక్కడ చాలదు. అందుకే కొత్త ప్లాంట్లలో స్ప్రింక్లర్లతో పాటు వేడిని చూసే థర్మల్ కెమెరాలు పెడుతున్నారు. కుప్పలో ఒక చోట వేడి పెరిగితే పొగ రాకముందే కెమెరా పట్టుకుంటుంది, దూరం నుంచే ఆ చోటికి గురిపెట్టి నీళ్లు కొట్టే గన్ పనిచేస్తుంది. మన పెద్దవాళ్లు గడ్డివాములో చెయ్యి పెట్టి చూసిన పనే ఇప్పుడు కెమెరా చేస్తోంది.

అయినా పాత కథ మళ్లీ మళ్లీ జరుగుతూనే ఉంది. 2023 మార్చిలో కొచ్చి దగ్గర బ్రహ్మపురం చెత్త ప్లాంటు తగలబడి ఊరంతా రోజుల తరబడి పొగ పీల్చింది. ఏప్రిల్‌లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, రిచ్‌మండ్‌లో ప్లాస్టిక్ నిల్వలు కాలి దాదాపు 2,000 మంది ఇళ్లు వదలాల్సి వచ్చింది. అక్కడ ప్రమాదం ఉందని ఊరికి ముందే తెలుసు. ఇల్లు కాలాక బావి తవ్వినట్టు అంటాం కదా, ఈ చరిత్ర నిండా అలాంటి బావులే.

మళ్లీ బోయిగూడకి వెళ్దాం. అక్కడ థర్మల్ కెమెరా లేదని నేను బాధపడటం లేదు. ఆ పదకొండు మంది బతకడానికి అంత టెక్నాలజీ అక్కర్లేదు. సరుకు ఉన్నచోట మనుషులు పడుకోకుండా ఉంటే చాలు. లేదా రెండో మెట్ల దారి ఒకటి, సరుకుకి దూరంగా. లేదా నిద్రలో ఉన్నవాళ్లని లేపే ఒక స్మోక్ అలారం. మన నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో నాలుగో భాగం మొత్తం అగ్నిప్రమాదాల నుంచి రక్షణ గురించే ఉంది. పుస్తకంలో దారి ఉంది, గోడౌన్లో లేదు.

అలెన్ కాలం నుంచి జాగ్రత్త అనేది ఖరీదైన సరుకు చుట్టూనే తిరిగింది. పత్తికి ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి పత్తి దగ్గరికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చిత్తు కాగితానికి విలువ లేదు కాబట్టి దాని దగ్గరికి ఎవరూ రాలేదు. ఆ చిత్తు కాగితం పైన నిద్రపోతున్న మనిషి కూడా అదే లెక్కలో కొట్టుకుపోయాడు. మన వీధిలో "పాత పేపర్లు, పాత ఇనుప సామాన్లు కొంటాం" అని అరుచుకుంటూ వెళ్లే బండి చివరికి వెళ్లేది అలాంటి గోడౌన్‌కే. మనం కిలోల లెక్కన అమ్మేసి చేతులు దులుపుకుంటాం. అక్కడ దాన్ని ఏరేది, రాత్రి దాని పక్కనే పడుకునేది ఇంకొకరు.

కాబట్టి ఈ ఎపిసోడ్ చూసినవాళ్లని ఒక్క పని చేయమంటాను. ఇంట్లో డ్రాయర్ తెరవండి. పాత ఫోన్, పనిచేయని ఇయర్‌బడ్స్, ఉబ్బిపోయిన పవర్ బ్యాంకు ఏదో ఒకటి దొరుకుతుంది. దాన్ని పొడి చెత్తలో వేయకండి. పాత పేపర్ల బండికి కలిపి ఇవ్వకండి. విడి బ్యాటరీ అయితే రెండు కొనల మీదా టేప్ అంటించండి. ఉబ్బినదాన్ని నొక్కకండి, గుచ్చకండి, కాలే వస్తువులకి దూరంగా విడిగా ఉంచండి. ఈ-వేస్ట్ తీసుకునే సెంటర్‌కి గానీ, ఆ బ్రాండ్ సర్వీస్ సెంటర్‌కి గానీ అడిగి ఇవ్వండి. 2022లో వచ్చిన బ్యాటరీ వేస్ట్ రూల్స్ ప్రకారం వాడేసిన బ్యాటరీలని వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాల్సిన బాధ్యత తయారుచేసే కంపెనీలదే. అడగడానికి మొహమాటపడకండి.

ఇంకో మాట. మీ గల్లీలో స్క్రాప్ గోడౌన్ ఉందా? ఈసారి అటు వెళ్లినప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. పైన ఎవరైనా ఉంటున్నారా? దిగడానికి ఎన్ని దారులున్నాయి? ఒక్కటే ఉంటే యజమానితో మాట్లాడండి, మీ కార్పొరేటర్‌కి చెప్పండి, ఫైర్ స్టేషన్‌లో చెప్పండి. మంట రాకముందు చెప్పిన మాటకి ఎవరూ చప్పట్లు కొట్టరు, నిజమే. అయినా చెప్పండి.

మీ ఏరియాలో ఇలాంటి చోటు ఏదైనా బాగా నడుపుతున్నారంటే కింద రాయండి, అలాంటివి కూడా నలుగురికీ తెలియాలి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. జాగ్రత్తగా ఉండండి.